విడాకుల కాగితం కన్నా ముందు చూసుకోవాల్సింది వీసా కాగితం

ప్రశ్న: నా వయసు 31. పెళ్లయి ఐదేళ్లయింది, అమెరికా వచ్చి నాలుగేళ్లు. ఆయనది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది దాని మీద వచ్చిన హెచ్-4 డిపెండెంట్ వీసా. ఆయన గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది కానీ కార్డ్ ఇప్పట్లో వచ్చేలా లేదు. బాబుకి రెండున్నరేళ్లు, ఇక్కడే పుట్టాడు. కొట్టడం పెళ్లయిన కొత్తలోనే మొదలైంది, ఇక్కడికొచ్చాక ఎక్కువైంది. పోయిన నెల గొంతు పట్టుకున్నారు. నా పాస్‌పోర్ట్ ఆయన దగ్గరే ఉంది. నా పేరు మీద బ్యాంక్ అకౌంట్ కూడా లేదు. ఏమన్నా అంటే "ఒక్క మెయిల్ కొడితే నీ వీసా క్యాన్సిల్, బాబు మాత్రం ఇక్కడే ఉంటాడు" అంటారు. ఇప్పుడు విడాకులు వేస్తానంటున్నారు. నా ఫ్రెండ్ ఒకరికి ఇలాంటి పరిస్థితిలోనే 'వావా' కింద గ్రీన్ కార్డ్ వచ్చింది. నాకూ వస్తుందా? అమ్మానాన్నలు బాబుని తీసుకుని వచ్చేయమంటున్నారు. వెళ్లిపోనా?

జవాబు: వీసా గురించి అన్ని మాటలు రాసి, గొంతు పట్టుకున్న సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను అక్కడే మొదలుపెడతాను.

చెంపదెబ్బ వేరు, గొంతు నొక్కడం వేరు. గొంతు దాకా చెయ్యి వెళ్లిన ఇంట్లో ఆ తర్వాత ప్రాణం మీదకు వచ్చే ప్రమాదం బాగా పెరుగుతుందని ఈ కేసులు చూసే పోలీసులు, నర్సులు, లాయర్లు అందరూ చెబుతారు. చాలా రాష్ట్రాల్లో దాన్ని ఫెలొనీగా, అంటే పెద్ద నేరంగా చూస్తారు. పైకి మచ్చ లేకపోయినా లోపల రక్తనాళాలు దెబ్బతిని ఉండొచ్చు. మింగడం కష్టంగా ఉన్నా, గొంతు మారినా, తల తిరుగుతున్నా ఆలస్యం చేయకండి. నెల దాటింది కదా అనుకోకుండా డాక్టర్‌కు చూపించుకుని, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పి రికార్డులో రాయించండి. కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటివి డాక్టరే పోలీసులకు తెలియజేయాల్సి ఉంటుంది, కాబట్టి ముందే "నేను చెప్పింది ఎవరికైనా చెబుతారా" అని అడిగి మాట్లాడండి. మళ్లీ చెయ్యి లేస్తే 911. ఇంగ్లీషు తడబడితే "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పండి, ఇంటర్‌ప్రెటర్‌ని కలుపుతారు.

ఇక ఆయన మెయిల్ సంగతి. మీ ఆయన మెయిల్ కొడితే ఎవరో వచ్చి మిమ్మల్ని విమానం ఎక్కించేస్తారన్నది బెదిరింపు, అంతే. మంజూరైన హెచ్-4ని ఇంట్లో కూర్చుని రద్దు చేసే ఫారం ఏదీ భర్తల చేతికి ఇవ్వలేదు. కోపం వచ్చిన ప్రతి హెచ్-1బి భర్తా ఇదే డైలాగ్ ఎలా చెబుతాడో నాకు అర్థం కాదు, ఎక్కడో క్లాసులు చెబుతున్నట్టుంది.

కానీ ఆ బెదిరింపు మొత్తం అబద్ధమని చెప్పి మిమ్మల్ని మోసం చేయలేను. మీ హెచ్-4 మూడింటి మీద నిలబడి ఉంది. ఒకటి ఆయన హెచ్-1బి. ఆయన ఉద్యోగం పోయినా, దేశం వదిలి వెళ్లినా మీదీ కదులుతుంది. రెండోది మీ ఐ-94 మీద, అంటే మీరు ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు మీద ఉన్న తేదీ. ఆయన హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ వేసుకుని మీ హెచ్-4 ఎక్స్‌టెన్షన్ మాత్రం వేయకుండా ఊరుకుంటే, మీకు తెలియకుండానే స్టేటస్ పోతుంది. ఇది నిజంగా జరిగే పని. మూడోది మీ పెళ్లి. కొట్లాట, విడిగా ఉండటం, కోర్టులో కేసు నడవడం, వీటివల్ల హెచ్-4 పోదు. విడాకుల డిక్రీ వచ్చిన రోజున పోతుంది. ఉద్యోగం పోయిన హెచ్-1బి వాళ్లకు ఉండే 60 రోజుల గడువు విడాకుల వల్ల హెచ్-4 పోయినవాళ్లకు ఉండదు.

అందుకే ఈ వారంలోనే మీ ఐ-94 తేదీ చూసుకోండి. సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) వెబ్‌సైట్లో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబర్ కొడితే వస్తుంది, పాస్‌పోర్ట్ చేతిలో ఉండక్కర్లేదు. ఇక్కడికొచ్చాక ఎక్స్‌టెన్షన్ అయి ఉంటే మాత్రం కొత్త ఐ-94 ఆ ఐ-797 అప్రూవల్ నోటీసు అడుగు భాగంలో ఉంటుంది. ఆ కాగితం ఫోటో సంపాదించండి. తేదీ దాటి 180 రోజులకు మించి ఉండి దేశం వదిలితే మూడేళ్లు, ఏడాది మించితే పదేళ్లు తిరిగి రానివ్వరు. అందుకే ఈ తేదీ గురించి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ ఫ్రెండ్‌కి వచ్చింది మీకు ఎందుకు రాదో ఇప్పుడు చెబుతాను. వావా (వయొలెన్స్ అగైనెస్ట్ విమెన్ యాక్ట్) అనేది 1994లో వచ్చిన చట్టం. పేరులో ఆడవాళ్లు అని ఉన్నా మగవాళ్లూ వేసుకోవచ్చు. భర్తో భార్యో సంతకం పెట్టకుండానే, వాళ్లకు తెలియకుండానే, ఐ-360 ఫారంతో సొంతంగా గ్రీన్ కార్డ్ దారి పట్టే వీలు అది. ఫీజు లేదు. అయితే హింసించినవాళ్లు అమెరికా సిటిజన్ గానీ గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు గానీ అయి ఉండాలి. మీ ఫ్రెండ్ భర్త ఆ రెండింట్లో ఒకటై ఉంటారు. మీ ఆయన హెచ్-1బి, ఐ-140 అప్రూవ్ అయినంత మాత్రాన గ్రీన్ కార్డ్ ఉన్నట్టు కాదు. కాబట్టి ఈరోజుకు మీకు వావా లేదు. పెళ్లి నిలిచి ఉండగా ఆయనకు గ్రీన్ కార్డ్ వస్తే లెక్క మారుతుంది, కానీ భారతీయుల క్యూ పొడవు చూసి దాని కోసం దెబ్బలు తింటూ కూర్చోమని ఎవరైనా చెబితే వినకండి.

ఇది చదివే వేరేవాళ్ల కోసం రెండు ముక్కలు. భర్త సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ అయితే, హింస వల్ల విడాకులైపోయినా రెండేళ్లలోపు వావా వేసుకోవచ్చు. ఆ ఐ-360 అప్రూవ్ కాకముందే మళ్లీ పెళ్లి చేసుకుంటే కేసు పోతుంది. భర్త వేసిన పెళ్లి పిటిషన్ మీద షరతుతో రెండేళ్ల గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లది ఇంకో దారి. షరతు తీసేయడానికి వేసే ఐ-751 మీద ఇద్దరి సంతకాలూ ఉండాలి కదా అని భయపడి ఆ ఇంట్లోనే ఉండిపోతారు చాలామంది. హింస కారణం చూపించి ఒంటరిగా వేసుకోవచ్చు, విడాకులు అయ్యేదాకా ఆగక్కర్లేదు.

మీకు తెరిచి ఉన్న పెద్ద తలుపు యు వీసా. 2000లో తెచ్చిన చట్టంతో వచ్చింది. దీనికి మీ ఆయన వీసా ఏదన్నది లెక్కలోకి రాదు, పెళ్లి ఉందా పోయిందా అన్నదీ రాదు. అమెరికాలో మీ మీద నేరం జరిగి ఉండాలి, గృహహింస ఆ నేరాల జాబితాలోనే ఉంది. దానివల్ల శరీరానికో మనసుకో గట్టి దెబ్బ తగిలి ఉండాలి. ఆ నేరం గురించి పోలీసులకో ప్రాసిక్యూటర్‌కో మీరు సహకరించి ఉండాలి. ఆయనకు శిక్ష పడితేనే అని లేదు, అరెస్టు అయితేనే అని కూడా లేదు. పోలీసు శాఖో, ప్రాసిక్యూటరో, జడ్జో "ఈమె సహకరించింది" అని ఐ-918 సప్లిమెంట్ బి అనే ఫారం మీద సంతకం పెట్టాలి. పెట్టి తీరాలన్న బలవంతం వాళ్ల మీద లేదు, అసలు చిక్కు అక్కడే వస్తుంది. సంతకం అయిన ఆరు నెలల్లోపు అప్లికేషన్ పంపాలి. దీనికీ ఫీజు లేదు.

వేచి ఉండటం మాత్రం చాలా ఎక్కువ. ఏడాదికి 10,000 మందికే ఇస్తారు, అడిగేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. సంవత్సరాలు పడుతుంది. 2021 నుంచి ఒక చిన్న ఊరట ఉంది: అప్లికేషన్ నిజాయితీగా ఉందని ప్రాథమికంగా తేలితే, వీసా నంబర్ రాకముందే డిఫర్డ్ యాక్షన్ (దేశం నుంచి పంపించడాన్ని ప్రస్తుతానికి ఆపి ఉంచడం), దానితో పాటు వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. అది రావడానికీ టైమ్ పడుతుంది. వీసా వచ్చాక నాలుగేళ్లు ఉంటుంది, మూడేళ్లు నిండాక గ్రీన్ కార్డ్‌కి అడగొచ్చు. మీరు యు వీసాకి గానీ, వేరేవాళ్లు వావాకి గానీ వేశారన్న సంగతి ఇమిగ్రేషన్ వాళ్లు హింసించిన మనిషికి చెప్పకూడదని ఫెడరల్ చట్టమే ఉంది. ఆయన మీ మీద రాసి పంపిన మాటలను మాత్రమే పట్టుకుని మీ కేసు కొట్టేయడం కూడా కుదరదు. నోటీసులు ఇంటికి రాకుండా వేరే అడ్రస్ ఇచ్చుకోవచ్చు.

పోలీసుల్ని పిలిస్తే ఆయన ఉద్యోగం పోతుందేమో, ఆయన వీసా పోతే నాదీ పోతుందేమో అన్న టెన్షన్ మీరు రాయలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. ఉండాల్సిన టెన్షనే. గృహహింస కేసులో శిక్ష పడితే సిటిజన్ కానివాళ్లను డిపోర్ట్ చేయొచ్చు, అప్పుడు మీ హెచ్-4 కూడా కూలుతుంది. అయినా నా మాట ఒకటే: ప్రాణం మీదకు వచ్చినప్పుడు వీసా లెక్కలు వేయకండి. మిగతా రోజుల్లో లాయర్‌తో కూర్చుని వేసుకోండి.

డబ్బు సంగతికొస్తే, హింసకు గురైన హెచ్-4 లాంటి కొన్ని డిపెండెంట్ వీసాల వాళ్లకు ఒక వర్క్ పర్మిట్ ఉంది, దానికి వేసే ఫారం ఐ-765వి. చట్టంలో ఎప్పుడో పెట్టినా 2017 నుంచే తీసుకోవడం మొదలుపెట్టారు, అందుకే మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఆయన సహకారం అక్కర్లేదు. అది ఉద్యోగం చేసుకునే హక్కు మాత్రమే, దేశంలో ఉండే స్టేటస్ కాదు. ఇంకో సంగతి, ఐ-140 అప్రూవ్ అయిన హెచ్-1బి వాళ్ల భార్యలకు 2015 నుంచి మామూలు హెచ్-4 ఈఏడీ (వర్క్ పర్మిట్) కూడా ఉంది. మీరు దాని మాటే ఎత్తలేదు, బహుశా ఆయన వేయనివ్వలేదేమో. ఆ ఫారం మీద సంతకం మీది, ఆయనది కాదు. ఆయన కాగితాల వివరాలు, రిసీట్ నంబర్లు ఎలా సంపాదించాలో లాయర్‌ని అడగండి.

ఇప్పుడు విడాకులు. ఇక్కడ మన తెలుగువాళ్ల కేసు ఒకటి చెప్పాలి. తిరుపతిలో హిందూ పద్ధతిలో పెళ్లి చేసుకున్న జంట, భర్త అమెరికా వచ్చి మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. ఆ డిక్రీ చెల్లదని 1991లో మన సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. మన వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య ఆ కోర్టుకు ఒప్పుకోకుండా తెచ్చుకున్న డిక్రీని ఇండియాలో గుర్తించక్కర్లేదు. ఈ సంగతి విన్న పెద్దలు "అమెరికా నోటీసు వస్తే పట్టించుకోకు, అది ఇక్కడ చెల్లదు" అని సలహా ఇస్తారు. మీ విషయంలో అది మిమ్మల్ని ముంచే సలహా. ఇండియాలో చెల్లకపోయినా, మీ హెచ్-4ని తీసేయడానికి అది చెల్లుతుంది. బాబు కస్టడీ కూడా మీరు లేకుండానే తేలిపోవచ్చు. నోటీసుకు జవాబివ్వడానికి ఎక్కువ రోజులు ఉండవు, చాలా చోట్ల నెల లోపే. నోటీసు చేతికొచ్చిన రోజే ఆ తేదీ రాసిపెట్టుకోండి.

జవాబు వేస్తే కేసు సాగుతుంది, ఆ టైమ్ మీకు కావాలి. డిక్రీ వచ్చేలోపు యు వీసా అప్లికేషన్, ఐ-765వి పంపడం, కుదిరితే చదువుకోవడానికి ఎఫ్-1కి మారడం, వీటిలో ఏది మీకు సరిపోతుందో తేల్చుకోవాలి. ఎఫ్-1కి మారాలంటే హెచ్-4 బతికి ఉండగానే వేయాలి, సీటు, కాలేజీ ఇచ్చే ఐ-20 ఫారం, ఫీజు కట్టే స్తోమత చూపించాలి. యు వీసా పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన స్టేటస్ ఉన్నట్టు కాదు, అందుకే ఈ మధ్య కాలాన్ని ఎలా దాటాలన్నది మీ కేసులో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. ఫ్యామిలీ లాయర్, ఇమిగ్రేషన్ లాయర్ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడండి. విడాకుల లాయర్లలో చాలామందికి హెచ్-4 గురించి తెలియదు, "త్వరగా సెటిల్ చేసేద్దాం" అంటారు. మీకు త్వరగా అవ్వడం నష్టం. సంపాదన లేని భార్య లాయర్ ఫీజు భర్త కట్టాలని చాలా రాష్ట్రాల్లో కోర్టు ఆదేశించగలదు, అది అడగమనండి.

పోలీసులతో పనిలేకుండా రాష్ట్ర కోర్టులో ప్రొటెక్షన్ ఆర్డర్ కూడా అడగొచ్చు. వీసా ఏదని అడగరు, ఫీజు ఉండదు. ఆయన ఇంట్లోంచి వెళ్లాలని, బాబు మీ దగ్గర ఉండాలని, చాలా చోట్ల మీ పాస్‌పోర్ట్ తిరిగి ఇవ్వాలని కూడా అందులోనే అడిగే వీలుంది.

బాబుని తీసుకుని వచ్చేయమన్న మీ అమ్మానాన్నల మాట ప్రేమతో అన్నదే. కానీ ఆయన ఒప్పుకోకుండా, కోర్టు అనుమతి లేకుండా బాబుతో విమానం ఎక్కకండి. అవతలి తల్లినో తండ్రినో బిడ్డకు దూరం చేయాలని దేశం దాటించడం 1993 నుంచి అమెరికాలో ఫెడరల్ నేరం. హింస నుంచి పారిపోతున్నానని చెప్పుకునే వీలు ఆ చట్టంలో ఉంది, కానీ అది కేసు పడ్డాక చెప్పుకోవాల్సిన మాట. ఆ తర్వాత మీరు ఈ దేశంలో ఏ వీసాకి వేసినా, ఏ జడ్జి ముందు నిలబడినా ఆ కేసు అడ్డం వస్తుంది. వెళ్లాలనే నిర్ణయించుకుంటే, తప్పేం లేదు, కస్టడీ కేసులో ఇండియా వెళ్లడానికి అనుమతి అడిగి వెళ్లండి.

దీనికి తిరగేసిన మోసం ఒకటుంది. ఉన్నట్టుండి ఆయన మంచిగా మారి "సంక్రాంతికి ఊరెళ్దాం" అంటే జాగ్రత్త. భార్యను తీసుకెళ్లి పుట్టింట్లో దింపి, పాస్‌పోర్ట్ పట్టుకుని, బిడ్డతో తిరిగొచ్చేసిన భర్తలున్నారు. మళ్లీ హెచ్-4 స్టాంపింగ్‌కి ఆయన కాగితాలే కావాలి. అక్కడ చిక్కుకుంటే ఇక్కడి కేసు సగం చచ్చినట్టే. అలా చిక్కుకున్నవాళ్లకు జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై సెల్, తెలంగాణలో మహిళా భద్రతా విభాగం కింద ఎన్నారై సెల్ ఉన్నాయి. పుట్టింటి ఊళ్లోనే కేసు పెట్టుకోవచ్చని 2019లో సుప్రీం కోర్టు చెప్పింది కూడా. అయితే కోపంలో అక్కడ అత్తమామలందరి మీదా ముందే కేసు వేయించకండి. పాత 498ఎ స్థానంలో ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వచ్చింది. దానితో ఆయన పాస్‌పోర్ట్‌కి ఇబ్బంది వస్తే మొదట కూలేది ఆయన హెచ్-1బి, వెంటనే మీ హెచ్-4. వేయాల్సిన కేసు అయితే వేయండి, ఇక్కడ మీ కాగితం ఒకటి దాఖలయ్యాక వేయండి.

సాక్ష్యాల విషయంలో ఒక హెచ్చరిక. దెబ్బల ఫోటోలు, ఆయన వాట్సాప్ మెసేజ్‌లు, డాక్టర్ రికార్డులు, మీ అమ్మకు అప్పట్లో పెట్టిన మెసేజ్‌లు అన్నీ పనికొస్తాయి. తెలుగులో ఉన్నా పర్వాలేదు, ఇంగ్లీషు అనువాదం జత చేస్తారు. కానీ ఆయన మాటలు రహస్యంగా రికార్డ్ చేయకండి. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో ఇద్దరి అనుమతీ లేకుండా రికార్డ్ చేయడం నేరం, మీ మీదే కేసు తిరగబడుతుంది. ఆయన పంపిన వాయిస్ మెసేజ్ వేరు, అది ఆయనే మీకు పంపింది కాబట్టి దాచుకోండి. దాచడం మీ ఫోన్‌లో కాదు. ఇంట్లో ఫోన్లన్నీ ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో, ఒకే అకౌంట్‌లో ఉంటే మీరు ఏం వెతుకుతున్నారో ఆయన చూస్తూ ఉండొచ్చు. పబ్లిక్ లైబ్రరీలో కంప్యూటర్ మీద కొత్త మెయిల్ తెరిచి అందులో పెట్టండి.

పాస్‌పోర్ట్ ఆయన ఇవ్వకపోతే పోలీసు రిపోర్ట్‌తో ఇండియన్ కాన్సులేట్‌లో కొత్తదానికి అడగండి. భర్తలు వదిలేసిన, హింసించిన భారతీయ మహిళలకు లాయర్ ఖర్చుల కోసం కాన్సులేట్ల దగ్గర ఒక సంక్షేమ నిధి కూడా ఉంది. అడిగితేనే చెబుతారు, అడగండి.

లాయర్ విషయంలో మన కమ్యూనిటీలో "నాకు తెలిసిన కన్సల్టెంట్ ఉన్నాడు, 500 డాలర్లకి వావా వేసేస్తాడు" అనేవాళ్లకు దూరంగా ఉండండి. అర్హత లేని ఫారం పడేసి చూద్దాం అనే రోజులు పోయాయి. 2025 నుంచి, అప్లికేషన్ తిరస్కరించే నాటికి స్టేటస్ లేకపోతే చాలా కేసుల్లో నేరుగా ఇమిగ్రేషన్ కోర్టుకు నోటీసు పంపుతున్నారు. నేను లాయర్‌ని కాను. రూల్స్ మారుతూనే ఉన్నాయి, ఏది పంపే ముందైనా ఈ కేసులు చేసే లాయర్ చూడాల్సిందే.

అలాంటి లాయర్లను ఉచితంగానో తక్కువకో చూపించే మనవాళ్ల సంస్థలు ఉన్నాయి. న్యూజెర్సీలో మానవి 1985 నుంచి పనిచేస్తోంది, న్యూయార్క్‌లో సఖి, బే ఏరియాలో మైత్రి, నారిక, హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష, షికాగోలో అప్నా ఘర్. మీరు ఏ రాష్ట్రమో రాయలేదు, రాయకపోవడమే మంచిది. ఏ రాష్ట్రమైనా 1-800-799-7233 జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ రోజంతా పనిచేస్తుంది, ఇంటర్‌ప్రెటర్‌ని అడగొచ్చు. ఆయన ఆఫీసుకు వెళ్లిన టైమ్‌లో, మీ ఫోన్ నుంచి కాకుండా, బాబు డాక్టర్ ఆఫీసు నుంచో లైబ్రరీ నుంచో చేయండి. "నేను హెచ్-4, ఆయన హెచ్-1బి, గొంతు పట్టుకున్నారు, విడాకులు వేస్తానంటున్నారు" అని ఈ నాలుగు ముక్కలూ ఇదే వరసలో చెప్పండి. మిగతావి వాళ్లే అడుగుతారు.